జేసీబీ అద్దం

అరుణాదేవి గారి కిరాణా షాపును ఈ రోజు నోటీసైనా ఇవ్వకుండా కూల్చింది సర్కారు. అది ఆమె పట్టా జాగా, ఆమె కట్టుకున్న గోడ. రోడ్డు వెడల్పు చేయాలట! కందిపప్పు, చక్కెర, పగిలిన నూనె డబ్బాలు ఇటుకల కింద కలిసిపోయాయి.

"మనిషి సొంతదాన్ని ముట్టే హక్కు ఏ సర్కారుకూ లేదు!" అని ఇస్నాపూర్ చౌరస్తా దద్దరిల్లేలా అరిచి, ఆ ఇటుకల్లోంచే ఒకటి తీసి జేసీబీ మీదికి విసిరాను. అద్దం భళ్ళున పగిలింది. కూల్చివేత దగ్గరుండి చేయిస్తున్న ఆఫీసర్లు జీపెక్కి పారిపోయారు. డ్రైవర్‌ను కాలర్ పట్టి కిందికి గుంజి, నోట్లోంచి రక్తం వచ్చేదాకా గుద్దాను.

"సర్కారు కుక్కా!" అని మళ్ళీ చెయ్యెత్తాను.

"సర్కారు బండి గాదు తమ్మీ," అన్నాడతను రక్తం ఉమ్ముతూ. "నా సొంతది. పొద్దుగాల ఆ ఆఫీసర్లే పటాన్‌చెరు రోడ్డు మీద ఆపిన్రు. రాకుంటే బండి సీజ్ చేస్తమన్నరు."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

అరుణాదేవి గారు నీళ్ళ బాటిల్ తెచ్చి అతని నోరు కడిగారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నా గోడ కూలగొట్టినోళ్ళు నన్ను అడగలే. ఈయన అద్దం పలగ్గొట్టెటప్పుడు నువ్వు ఎవర్ని అడిగినవ్ బిడ్డా? సొంతదాని హక్కు మీద కరపత్రాలు పంచెటోడివి గదా, జెర చెప్పు."

ఈ కరపత్రం చదివినవాళ్ళంతా రేపు పొద్దున పది గంటలకు ఆ కూలిన షాపు ముందుకు రండి. మొదట నన్ను నిలదీయండి. ఆ తర్వాత అందరం కలిసి షాపు కూల్పించిన ఆ ఆఫీసర్ల ఆఫీసుకు పోయి వాళ్ళను నిలదీద్దాం.