మూడో బొత్తాం

భుజాన కండువా లేని పురుషుడు ధ్వజం లేని రథంతో సమానమని శాస్త్రాల్లో ఎక్కడా లేదు. అది శాస్త్రకారుల అజ్ఞానం. కోడిపందెం మీద రాజ్యాలు పోగొట్టుకున్న పల్నాటిలో ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు.

గురజాల బట్టల వర్తకుడు శేషగిరిరావుకు మరింత బాగా తెలుసు. ఏడేళ్ల కిందట నాపరాళ్ల కాంట్రాక్టరు ఆనందరావు నడిబజారులో ఆయన కండువా లాగి, తన బుల్లెట్ సీటు మీది దుమ్ము తుడుచుకుని, తిరిగి ఆయన మీదికే విసిరాడు. బజారు నవ్వింది. ఆనందరావు భుజాన లైసెన్సు తుపాకి వేలాడుతూ ఉండటం వల్ల శేషగిరిరావు కూడా కొంచెం నవ్వవలసి వచ్చింది.

ఆ నవ్వు ఆయనకు ఇప్పటికీ అరగలేదు.

ఆనందరావు చేతులే సొంత కండువాతో తన అంగడి మెట్టు తుడిచేదాకా భుజాన నూలుపోగు వేయనని ఆనాడే శపథం చేశాడు. నాలుగేళ్లు కచ్చేరీల చుట్టూ తిరిగి, ఆత్మరక్షణార్థం ఒక తుపాకికి లైసెన్సు సంపాదించాడు. కండువా ఉండవలసిన చోట, మూడు బొత్తాల ఖాకీ సంచిలో, అది వేలాడసాగింది. అయినా పగ తీరలేదు. రెండు తుపాకులున్న చోట మర్యాద పుడుతుంది గాని న్యాయం పుట్టదు. ఆయన ముహూర్తం కోసం కాచుకున్నాడు.

అది ఎనభై తొమ్మిది నవంబరులో, ఒక మంగళవారం పొద్దున్న వచ్చింది. బజారులో మైకు జీపులు తిరుగుతున్నాయి. దుకాణంలో గుమాస్తా ఖాసిం లంగా గుడ్డను మూరలతో కొలుస్తుంటే, కొనవచ్చిన హలీమా తగువు పడుతోంది.

“ఏందయ్యా, ఇయ్యాల మూరేస్తన్నావు? నీ చెయ్యి చూస్తే జానెడుంది.”

“గట్టిగా అనమాక అక్కా. శెట్టిగారు వింటే ఈ చేతినే ఖాయం చేస్తాడు.”

అంతలో బుల్లెట్ వచ్చి మెట్టు ముందు ఆగింది. ఆనందరావు ఒంటరిగా దిగాడు. భుజాన తెల్లటి కండువా తప్ప మరేమీ లేదు.

“ఏం శెట్టీ, కండువా మానేశావంటగా. మరి నా సీటు దేంతో తుడవాల?”

శేషగిరిరావు లేవలేదు. గొంతు పెంచలేదు. గోడకు ఆనించిన ఖాకీ సంచిని ఒడిలోకి తీసుకున్నాడు, మూతి వీధి వైపు ఉండేలా.

ఆనందరావు నవ్వు సగంలో ఆగింది. “అది నీ దగ్గిరే ఉంచారా?”

“కొందరికి ఉంచుతారు.” మొదటి బొత్తాం ఊడింది. “కూర్చో ఆనందరావూ. మెట్టు మీద దుమ్ముంది, తుడుచుకుని కూర్చో.”

ఏడేళ్లలో మొదటిసారి ఆ పేరు చివర ‘గారు’ రాలిపోయింది.

“శెట్టీ, పాత సంగతులు ఇప్పుడెందుకు...”

“పాతయ్యేం కాదు. రోజూ పొద్దున్నే నాకు కొత్తగా ఉంటయ్యి.” రెండో బొత్తాం ఊడింది.

హలీమా గుడ్డ వదిలేసి స్తంభం చాటుకు పోయింది. ఎదుటి అంగళ్ల వాళ్లు తక్కెళ్లు దించారు. శేషగిరిరావు వేలు మూడో బొత్తాం మీద వణుకుతోంది. అది కోపమని బజారంతా గ్రహించింది.

“దీన్ని మాత్రం నా చేత విప్పించమాక,” అన్నాడాయన, దాదాపు బతిమాలుతున్నట్టు.

ఆనందరావు కండువా తీశాడు. వంగాడు. మెట్టు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తుడిచాడు.

“మూల మిగిలింది.”

మూల కూడా తుడిచాడు. బజారు ఈసారి నవ్వలేదు. ఆ నిశ్శబ్దం నవ్వు కంటే తియ్యగా ఉంది.

బుల్లెట్ చప్పుడు దూరమయ్యాక శేషగిరిరావు బీరువాలోంచి జరీ కండువా తీసి, పట్టాభిషిక్తుడిలా భుజాన వేసుకున్నాడు.

ఆ తరువాత, ఎన్నికల నిమిత్తం ఊళ్లోని లైసెన్సు తుపాకులన్నీ, ఆనందరావుదీ తనదీ సహా, పది రోజులుగా పోలీసు స్టేషనులో జమ అయి ఉన్న కారణాన, మూడో బొత్తాం కూడా విప్పి, సంచిలోని మీటరు బద్ద తీసి ఖాసిం చేతికిచ్చి, హలీమా గుడ్డ సరిగా కొలిచి ఇమ్మన్నాడు.