ఎర్రకుంట హాల్టు ఎత్తివేత

“‘ఎత్తబడును’ అట! ఇదేం తెలుగు?” అంటూ రెబెకా టీచరు చేతిసంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది.

ఎర్రకుంట హాల్టులో, ఏడాదిగా మూతపడి ఉన్న టికెట్ కిటికీ పక్కన అతికించిన నోటీసులో ఉన్నది ఒకే వాక్యం: “వచ్చే నెల ఒకటో తేదీ నుండి ఈ హాల్టు ప్లాట్‌ఫారము ఎత్తబడును.” ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన రెబెకాకు, గోడ మీద తప్పు కనిపిస్తే దిద్దకుండా దాటిపోవడం చేతకాదు. ఆ మాటను కొట్టేసి, పైన స్ఫుటంగా ‘ఎత్తివేయబడును’ అని రాసింది.

“అక్షరం దిద్దితె బండి ఆగుతదా టీచరమ్మా?” అన్నది చిలుకమ్మ, తోటకూర గంప పక్కన కంకర మీద చతికిలబడి.

“ఆగదు. దిద్దవలసినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ దగ్గరికీ పోతాను.”

“జర గట్టిగనే అడుగు. బస్సోడు నా గంపను చూస్తెనే బండి ఆపడు. ఈ పాసింజర్ లేకుంటె వరంగల్ మార్కెట్టుకు నేనెట్ల పోవాలె? ఏం తినాలె?”

ఇంతలో పాసింజరు రానే వచ్చింది. వరంగల్‌లో బట్టల దుకాణంలో పనిచేసే హరికృష్ణ ముందుగా ఎక్కి, చిలుకమ్మ రెండు చేతులూ పట్టుకొని లాగాడు. కిందినుంచి ఇద్దరు నెట్టారు.

“మెల్లగ గుంజు బిడ్డా, నేను తోటకూర కట్టను గాదు!” అని అరిచిందామె.

రెబెకా చివరగా, ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది. మోకాళ్ళు ఏమన్నాయో ఆమె ఎవరికీ చెప్పలేదు.

“హరికృష్ణా, జపాన్‌లో ఏం జరిగిందో తెలుసా?”

“జపాన్ల అన్నీ బుల్లెట్ రైళ్ళే గద టీచర్?”

“అవి పట్నాలకు. కొండల్లో పల్లెలు కూడా ఉన్నాయి, వాటికి పోయే, ఎవరూ చెప్పుకోని రైళ్ళు కూడా ఉన్నాయి.” ఆరు నెలలుగా ఆమె అటువంటి ఒక రైలుదారి చరిత్రను వారపత్రిక కోసం రాస్తున్నది. “బొగ్గు కోసం వేశారు. గనులు మూతపడ్డాయి. దారిని మాత్రం ఒక్కనాడే మూయలేదు, అంత ధైర్యం ఎవరికుంటుంది? ముందు రైళ్ళు తగ్గించారు. రైళ్ళు తగ్గాయని జనం తగ్గారు. జనం తగ్గారని గుమాస్తాను తీసేశారు. ఆ తరువాత బెంచీలు. చివరికి వానలకు రైలు కట్ట కొట్టుకుపోతే బాగుచేయడం మానేశారు. ఆఖరి రైలు నాడు ఊరంతా జెండాలు పట్టుకొని వచ్చి ఏడ్చింది. ఏడ్చినవాళ్ళలో సగం మంది కార్లలో వచ్చారు.”

హరికృష్ణ ముఖం మాడిపోయింది. “మన బెంచీ మొన్న మంగళారమే తీస్కపోయిండ్రు టీచర్.”

“చూశాను.”

“టేపులు పట్టి కొలిచిండ్రు గూడ.”

“అదీ చూశాను. మనం ఆఖరి రోజున ఏడవడానికి పోవద్దు. ఇప్పుడే పోదాం.”

నాలుగో రోజున ఆమె రెండువందల పన్నెండు సంతకాలతో, వేలిముద్రలతో రైల్వే ఆఫీసులో ఇంజనీరు ఓంప్రకాశ్ ఎదుట కూర్చున్నది. అతడు అర్జీ చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివాడు.

“ప్లాట్‌ఫాం ఎత్తుడు మీకు వద్దా అమ్మా?”

“వద్దు.”

“వేరే ఊర్లోళ్ళు మాకు చెయ్యిర్రి, మాకు చెయ్యిర్రని మా చుట్టు తిరుగుతాండ్రు.”

“అంతటి బుద్ధిమంతుల ఊళ్ళుంటే వాటికే చేయండి.”

“ముసలోళ్ళు, ఆడోళ్ళు తకలీఫ్ పడుతాండ్రనే గదమ్మా మేము...”

“తకలీఫ్ పడుతున్నారని ఎత్తుతారా? కాలు నొప్పి అంటే కాలే తీసేసే దవాఖాన ఎక్కడైనా చూశారా మీరు?”

ఓంప్రకాశ్ అర్జీని బల్ల మీద పెట్టాడు. “జర సమజ్ చేసుకోండమ్మా, ఇది మీ మంచికే...”

“జపాన్‌లో కూడా ఇదే మాట, ఇంతే మర్యాదగా చెప్పారు.”

“జపానా?”

ఆమె చెప్పింది. బొగ్గు గనులతో మొదలుపెట్టి, కొట్టుకుపోయిన కట్ట దాకా, ఒక్క మెట్టూ వదలకుండా చెప్పింది. బల్ల మీది టిఫిన్ డబ్బా వైపు అతడు మూడుసార్లు చూశాడు. ఆమె ఒక్కసారీ ఆగలేదు.

“సరేనమ్మా,” అన్నాడు చివరికి. “ఊరు ఊరంత వద్దంటె మాకేం జిద్దు? పైకి రాస్త.”

“‘రద్దు’ అన్న మాట స్పష్టంగా ఉండాలి.”

“మీరెట్ల చెప్తె అట్లనే రాస్త.”

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పొద్దుటి పాసింజరు వేళకు ఊరు సగం హాల్టులోనే ఉన్నది. హరికృష్ణ గొంతు సవరించుకొని చదివాడు: “గ్రామస్థుల తీవ్ర అభ్యంతరం మేరకు ఎర్రకుంట హాల్టులో తలపెట్టిన పని రద్దు చేయడమైనది. సదరు పనిని పక్క హాల్టుకు బదిలీ చేయడమైనది.”

ఈలలు, చప్పట్లు.

“నీ సదువు సల్లగుండ టీచరమ్మా!” అని చిలుకమ్మ రెబెకా చేతులు రెండూ కళ్ళకద్దుకున్నది. వెంటనే ఆమె ముఖం చిన్నబోయింది. “పాపం, పక్కూరోళ్ళ పని ఖతం.”

“వాళ్ళకూ చదివినవాళ్ళు ఉంటే అడుగుతారు,” అన్నది రెబెకా పొడిగా.

బండి వచ్చింది. సంబరంలో ఉన్నవాళ్ళు నెట్టవలసినదానికంటే గట్టిగా నెట్టారు. చిలుకమ్మ కాలు జారి, మెట్టు అంచు కోసుకొని పిక్క మీద నెత్తురు కారింది. “ఏం గాదు, బండైతె ఉన్నది గద!” అంటూ ఆమె తలుపు దగ్గర కూర్చొని నవ్వింది.

రెబెకా ఈసారి ఎక్కలేదు. ఉత్తరంతో పాటు వచ్చినా హరికృష్ణ చదవకుండా వదిలేసి వెళ్ళిన రెండో కాగితం, ఇంగ్లీషులో ఉన్న అసలు ఉత్తర్వు, ఆమె చేతిలో ఉన్నది. బండి కదిలిపోయేదాకా ఆమె అందులోని మొదటి పంక్తినే చదువుతూ నిలబడింది.

రద్దయిన పని: ప్లాట్‌ఫారం ఎత్తు రెండున్నర అడుగులు పెంచుట.