బూటులో దుద్దు

కోడలు దొంగ. అందులో రెండో మాట లేదు.

పోయిన భార్య ఎర్రరాయి దుద్దులు రెండూ మంచం పక్క డబ్బాలో ఉండేవి. రోజూ సాయంత్రం తీసి చూసుకునేవాడు. నాలుగు రోజుల కిందట చూస్తే ఒకటే ఉంది. ఆ గదిలోకి వచ్చేది కోడలొక్కతే. పొద్దున్నే వచ్చి అతని బూట్లలో చెయ్యి పెట్టి తడుముతుంది, అరికాళ్లు తిప్పి చూస్తుంది. షుగరుతో కాళ్లకు స్పర్శ పోయింది కాబట్టి రోజూ చూడాలని డాక్టరు చెప్పాడట. దొంగకు ఇంతకన్నా మంచి సాకు ఎక్కడ దొరుకుతుంది?

ఆ రోజు నుంచి అతను కాళ్లు ముట్టనివ్వలేదు. మేజోళ్లు విప్పనే లేదు.

ముప్పై ఏళ్లు తాళాలు బాగుచేసిన మనిషి. దొంగబుద్ధి ఎరిగినవాడు. ఇవాళ మిగిలిన దుద్దును కుడిబూటు కొసలో ఇరికించి కేకేశాడు.

"ఇదిగో, వచ్చి బూట్లు చూడు!"

"హమ్మయ్య, అలక తీరిందా మామయ్యా?" కోడలు తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుని కూర్చుంది. బూటు బోర్లించి తట్టింది. లోపలికి చెయ్యి పెట్టింది. అతను కళ్లలో ఒత్తులు వేసుకుని చూస్తున్నాడు.

చెయ్యి ఆగింది.

"అయ్యో, ఇది ఇందులోకెలా వచ్చింది? వేసుకుని నడిచుంటే కాలు ఏమయ్యేది?" దుద్దును అరచేతిలో పెట్టి చాపింది.

అతనికి ఒళ్లు మండింది.

"నేను చూస్తున్నానని ఇచ్చావు. రెండోది ఎక్కడ దాచావు?"

ఆమె ముఖం పాలిపోయింది. "అంటే, దీన్ని మీరే పెట్టారా?"

గుమ్మంలోంచి కొడుకు అన్నాడు. "నాన్నా, ఇక చాలు."

"నువ్వు నోర్ముయ్! ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకో."

ఆమె లేచింది.

"ఆయన్నెందుకు అడగడం? నేనే పోతాను. సంచి సర్దుకోవడానికి ఎంతసేపు? పోయేముందు ఆ కాళ్లొకసారి చూడనివ్వండి. గదిలో ఒట్టికాళ్లతో తిరగొద్దంటే వినరు కదా."

"చూసుకో. ఇదే ఆఖరు."

కుడికాలు బాగానే ఉంది. ఎడమ మేజోడు మడమ దగ్గర అతుక్కుపోయింది. ఆమె గిన్నెలో నీళ్లు తెచ్చి, మోచేత్తో వేడి చూసి, తడిపి మెల్లగా ఊడదీసింది. మడమను వెలుగు వైపు తిప్పి వంగి చూసింది.

"ఏమైంది?"

"నొప్పి లేదా మామయ్యా?"

"నొప్పేంటి? నాటకాలాడకు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "బండి తీయండి. ఆస్పత్రికి పోవాలి." అరికాలు చూసే చేతి అద్దాన్ని మామగారి మడమ కింద పట్టింది.

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆ దుద్దు మాట ఇక నేను చచ్చేదాకా ఈ ఇంట్లో ఎత్తకండి," అన్నాడు, తన మడమలోకి దిగబడిపోయిన ఎర్రరాయి మీంచి చూపు తిప్పుకుంటూ.