రెండు రోజుల దారి

“ఆపు మౌలా, జెర ఆపు! సముద్రం చూసి పోదాం.”

మౌలా అలీకి ఒళ్ళు మండింది. చీరాలలో లారీ బయలుదేరి గంటన్నర కాలేదు, భద్రయ్య బండి ఆపించడం ఇది మూడోసారి. ఊరు దాటుతూనే వేటపాలెం జీడిపప్పు కొందామన్నాడు. ఆ తర్వాత టైర్లు చూడమన్నాడు. ఇప్పుడు బాపట్ల దాటకముందే సముద్రమట!

“నాలుగు నెలల సంది సముద్రం పక్కనే ఉన్నం గదనే భద్రన్నా! ఇంకా కడుపు నిండలేదా? ఇంటికి పోదాం పా.”

“తొందరేముంది?”

తొందర లేకేం? నేతబట్ట కొనుక్కుపోదామని వచ్చిన ముగ్గురు దోస్తులూ, నిజాం రాజ్యం సరిహద్దులు మూతపడటంతో చీరాలలోనే ఇరుక్కుపోయారు. పోలీసు యాక్షన్ ముగిసి మూడు వారాలైంది. ఇన్నాళ్ళకు దారి తెరిచారు. సికింద్రాబాదులో, రెజిమెంటల్ బజార్‌లో ఖుర్షీదా ఎట్లా ఉందో, అసలు ఉందో లేదో మౌలాకు తెలియదు. అటునుంచి వచ్చే ప్రతి మనిషీ ఓ కబురు మోసుకొస్తున్నాడు. ఒక్కటీ చెవిన పెట్టేట్టు లేదు.

బట్టల మూటల మీద పడుకున్న సోమయ్య తల ఎత్తాడు. “ఆపరాదయ్యా! నీకొక్కనికే పెండ్లాం ఉన్నదా? భద్రన్నకు లేదా, నాకు లేదా? మేం మొత్తుకుంటున్నమా?” అని మళ్ళీ అటు తిరిగి గురక పెట్టాడు.

భద్రయ్య బట్టలు విప్పకుండానే అలల్లోకి నడిచాడు. మూడు మునకలు వేసి, చొక్కా పంచె నీళ్ళోడుతుంటే అట్లాగే వచ్చి మౌలా పక్కన కూర్చున్నాడు.

“పిచ్చి లేసిందా ఏందే నీకు?”

“ఉడ్కపోస్తున్నది” అన్నాడు భద్రయ్య. ఎటో చూస్తున్నాడు.

గుంటూరులో ఒక పూట పోయింది. కృష్ణ దాటించే పంటు ఒడ్డున సిద్ధంగా ఉంటే, వచ్చేదాని మీద పోదామని కూర్చోబెట్టాడు. బెజవాడలో వాళ్ళిద్దరికీ కొసరి కొసరి తినిపించాడు, తన ఆకు మాత్రం మడిచేశాడు. రెండు రోజుల దారి. మూడోనాడు కూడా నందిగామ దాటలేదు.

కోదాడ దగ్గర మిలిటరీవాళ్ళు ఆపారు. లైసెన్సు మీద పేరు చదివి సిపాయి మౌలాను కిందికి దిగమన్నాడు. అంతకుముందే భద్రయ్య దిగి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. “మా తమ్ముడు. ఒకటే గల్లీల ఉంటం” అని ఉర్దూలో చెప్పాడు. సిపాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు.

రెండు మైళ్ళు పోయాక మౌలా లారీ పక్కకు తీశాడు. నడిరోడ్డు మీద నాకే ఇట్లుంటే, ఇంట్లో ఒంటిగా ఉన్న ఆడమనిషికి ఎట్లుంటుంది?

“అన్నా, నువ్వేదో దాస్తున్నవ్. నా మొకం దిక్కు చూస్తలేవు. ఖుర్షీదాకేమైంది?”

“ఏం గాలే.”

“నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు.”

భద్రయ్య పెట్టాడు. “ఖుర్షీదా మంచిగున్నది.”

“నీకెట్ల ఎరుక?”

భద్రయ్య చెయ్యి తీసేశాడు. 

ఇంకా అడిగేదేముంది? మౌలా మనసులోనే ఖుర్షీదా శవానికి స్నానం చేయించారు, తెల్లగుడ్డ చుట్టారు. అందరితోపాటు తనూ మూడు పిడికిళ్ళ మట్టి వేసి వచ్చాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. గేరు వేసి బండి కదిలించాడు.

ఆ తర్వాత ఆపమని ఎవరూ అడగనక్కర్లేకపోయింది. సూర్యాపేటలో మౌలాయే ఆపాడు. నకిరేకల్‌లో ఆపాడు. చౌటుప్పల్ దగ్గర ఇంజను ఆర్పి, రోడ్డు మీద మేకలు దాటిపోయినా కూర్చున్నచోటనుంచి కదల్లేదు.

సోమయ్యకు చిర్రెత్తింది. “ఏందయ్యా మీ ఇద్దరి తమాషా? మొన్నటిదాంక ఒకడు తోలనియ్యలే, ఇప్పుడు ఇంకొకడు తోలడు! ఎడ్లబండి కట్టుకొచ్చినోళ్ళు సుత ఈపాటికి ఇంటికి పోయి, అన్నం తిని, చెయ్యి కడుక్కున్నరు.”

“తొందరేముంది?” అన్నాడు మౌలా.

ఐదోనాటి మధ్యాహ్నం సోమయ్యను రాంగోపాల్‌పేటలో దింపి, రెజిమెంటల్ బజార్ గల్లీలో లారీ ఆపారు. ఇటు మౌలా ఇల్లు, ఎదురుగా భద్రయ్య ఇల్లు. ఇద్దరిలో ఏ ఒక్కరూ దిగలేదు.

మౌలా ఇంటి గుమ్మానికున్న పరదా కదిలింది. చేతుల నిండా పిండితో ఖుర్షీదా బయటికొచ్చింది.

మౌలా ఎట్లా దిగాడో అతనికే తెలియదు. ఆమె ముంజేయి పట్టుకు చూశాడు. వెచ్చగా ఉంది. పిండి తన చేతికి అంటింది. సంతోషం కూడా రాలేదు. గిర్రున వెనక్కి తిరిగాడు.

“భద్రన్నా! ఐదు దినాలు నా పానం తోడినవ్ గదనే! సల్లగున్న మనిషిని చంపి బొంద పెట్టి వచ్చిన నేను!”

భద్రయ్య లారీ దిగి నిలబడ్డాడు. ఖుర్షీదా మొగుడి చెయ్యి విడిపించుకొని అతని ముందుకు పోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఇంత ఆలస్యం జేస్తివేంది అన్నా? కమల వదిన పోయి తొమ్మిది దినాలాయె. నాలుగు దినాల జ్వరం, అంతే. మీ బామ్మర్ది వచ్చి కొరివి పెట్టిండు. నేనే తారాఫీసుకు పోయి నీ పేరు మీద తార్ కొట్టించిన. అందలేదా?”

“అందింది చెల్లె” అన్నాడు భద్రయ్య. “చీరాలల బండి ఎక్కకముందే అందింది.”