ఎల్లరాయి కాడ పులి

కర్ణాటకకు పోయే కాలిదోవకు అడ్డంగా ఎవరో తుమ్మకంప పడేశారు.

ఆ కర్ణాటక ఎంతో దూరం కాదు. ఊరవతల చేలు దాటితే ఎల్లరాయి. రాయికి ఇవతల ఆంధ్రా. అవతల కర్ణాటక, ఒక కానుగ చెట్టు.

ఇవతల నిలబడి ఫోన్లో రమ్మీ తెరిస్తే, 'మీ రాష్ట్రంలో ఈ ఆటకు అనుమతి లేదు' అని వస్తుంది. రాయి దాటితే చాలు, ముక్కలు పంచేస్తుంది.

అందుకే పొద్దు వాలగానే ఊళ్లో మగవాళ్లు గుంపుగా రాష్ట్రం దాటేవాళ్లు. లహరి మొగుడు హరినాథ్ అందరికంటే ముందు.

పోయిన ఏడు విత్తనాల డబ్బు అలాగే రాయి దాటింది. చేను బీడు పడింది. ఈ ఏడు విత్తనాల కోసం పాలిచ్చే ఎనుమును అమ్మారు. కొన్నవాడు డబ్బంతా హరినాథ్ ఫోన్‌కే పంపాడు.

వాన పడేదాకా ఆ డబ్బు మిగిలితే చాలని లహరి మొక్కని దేవుడు లేడు.

గట్టున గడ్డి కోస్తూ ఆమె అటే చూస్తోంది.

"ఎవుడ్రా కంప ఏసింది?" హరినాథ్ అరిచాడు.

"నేనేనప్పా." బండ మీద కూర్చున్న కొత్త మనిషి చెయ్యెత్తాడు. మాసిన చొక్కా, పక్కన పాత సైకిలు. "ఈ చేను కౌలుకు పట్టినా. దావ కూడా నా చేన్లోదే."

"మేము ఆపక్కకు పోవల్ల."

"పోండి. నన్ను గెలిచి పోండి."

బండ మీద సుద్దరాయితో పులిజూదం గీసి ఉంది. మూడు పులులకు గులకరాళ్లు, మేకలకు చింతపిక్కలు. పులి మీదుగా దూకితే మేక చచ్చినట్టు, మేకలు చుట్టేసి కదలనీకుంటే పులిని కట్టినట్టు.

హరినాథ్ వెనకే వచ్చిన జోయల్ పకపకా నవ్వాడు. "దీని పేర్లోనే జూదం ఉండాది గదన్నా! పోలీసోళ్లు పట్టుకోరా?"

"ఏ రాష్ట్రంలోనూ దీనికి అడ్డు లేదప్పా. కూసో."

రెండు నిమిషాల పనిలే అనుకుని హరినాథ్ మేకలు తీసుకున్నాడు.

పులి దూకింది. మళ్లీ దూకింది. మసక పడేసరికి మంద సగానికి సగం ఖాళీ.

"మేకలు కాసే ఊర్లో పుట్టి ఇట్లా ఆడితే ఎట్లప్పా?" అన్నాడా మనిషి.

అందరూ గొల్లుమన్నారు. లహరి గడ్డిమోపు చాటున మొహం దాచుకుని నవ్వింది.

"రేపొస్తా! చూసుకుందాం!"

"రా. పులికి ఇంకా ఆకలిగానే ఉండాది."

మర్నాడూ హరినాథ్ ఓడాడు. ఆ మర్నాడూ అంతే.

"చుట్టు తిరిగిపోతే ఇంకో దావ ఉండాది గదరా," జోయల్ గుర్తు చేశాడు.

"ఆయప్పను గెలవకుండా పోతే ఊర్లో తలెత్తుకోని తిరగల్లనా వద్దా?"

ఇంట్లో కంచం ముందు కూర్చున్నా అదే ధ్యాస. చెనిక్కాయ గింజలు అటూ ఇటూ జరిపేవాడు.

"తిండి తిను నాయనా, తర్వాత ఆడుకుందువు," తల్లి బయమ్మ కసిరేది.

"ఉండుమా! ఈ మేక ఈడుంటే పులికి దావ యాడుంటాది?"

రోజురోజుకూ బండ చుట్టూ జనం పెరిగారు. మేకల పక్షాన ఊరంతా, పులి పక్షాన ఆయనొక్కడే. ఊరు ఆయనకు పులాయన అని పేరు పెట్టింది. యేసన్న అక్కడే ఉల్లిగడ్డ, కారం వేసి బొరుగులు కలిపి అమ్మడం మొదలుపెట్టాడు. కానుగ చెట్టు కింద కుక్కలు హాయిగా పడుకున్నాయి.

"నీకు ఫోన్లో రమ్మీ రాదా అన్నా?" ఎవరో అడిగారు.

"నాకు ఫోనే లేదప్పా," అని పులి జరిపాడాయన.

అంతలో వాన పడింది. నేల తడిసి కమ్మటి వాసన లేచింది. విత్తనానికి మంచి పదును.

వాన వెలిసిందో లేదో హరినాథ్ బండ దగ్గరికి పరుగెత్తాడు. డబ్బంతా ఉన్న ఫోనూ తీసుకుపోయాడేమోనని లహరి ఇంట్లోకి ఉరికింది. గూట్లోకి చూసింది.

ఫోన్ అక్కడే ఉంది. మొగుడు ఫోన్ మరిచిపోయి పోయాడు!

దాన్ని తీసుకుని బురదలో పడుతూ లేస్తూ పోయింది.

"యో! ఇత్తనాలు కొనల్ల. పిన్ నంబరు చెప్పు."

హరినాథ్ తలెత్తలేదు. రెండు పులులు ఇరుక్కున్నాయి. మూడోది గింజుకుంటోంది.

"నంబరయ్యా!"

చెప్పేశాడు. ఊరంతా వినేలా చెప్పేశాడు. "ఏమన్నా కొనుక్కో పోమే! పులిని కడతాండా ఈడ!"

పులాయన మాత్రం తలెత్తి లహరిని చూశాడు.

"తొందరగా పోమ్మా," అన్నాడు. "నేను నిదానంగా ఆడతాలే."

గోరంట్ల నుంచి విత్తనాల మూటలతో ఆటోలో ఆమె తిరిగొచ్చేసరికి బండ దగ్గర ఈలలు, కేకలు. హరినాథ్ జోయల్ భుజాల మీద ఉన్నాడు.

"గెలిచినా మే! మూడు పులులూ కట్టేసినా!"

పులాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. తనే లేచి కంప పక్కకు లాగాడు.

"దావ ఇడిసినా. పో అప్పా, కర్ణాటకకు."

"ఇప్పుడెందుకన్నా?" హరినాథ్ కిందికి దూకాడు. "తెల్లారితే ఇత్తనమెయ్యల్ల!"

ఆ ఏడు చెనిక్కాయ విరగకాసింది. కోతలయ్యాక కౌలు తీరింది. ఒక పొద్దున చూస్తే బండ ఖాళీ, సైకిలు లేదు. ఆయన అసలు పేరేమిటో, ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. అడగాలని ఎవరికీ తోచనే లేదు.

కాయలమ్మిన డబ్బుతో మళ్లీ ఎనుమును కొనడానికి లహరి, హరినాథ్ కదిరికి పోయారు. బస్టాండు పక్కన ఒకతను గోడ మీద సినిమా పోస్టరు చింపుతున్నాడు. దాని కింద నుంచి ఆట నిషేధం కాకముందు అతికించిన పాత రమ్మీ పోస్టరు బయటపడింది.

లహరి మొగుడి చెయ్యి పట్టుకుని ఆపింది.

'రమ్మీలో కోటి గెలిచిన మన అనంతపురం మొనగాడు' అన్న పెద్ద అక్షరాల కింద, పట్టుచొక్కా మీద గజమాలతో, తలుపంత చెక్కు పట్టుకుని నవ్వుతున్నది పులాయనే.