స్పీకర్లకి బైపాస్

“ఆ స్పీకర్ల జోలికి వెళ్ళొద్దన్నానా, గోర్డీ?” అంది మార్లిస్, కాఫీ కప్పు బల్ల మీద కాస్త గట్టిగానే పెట్టి.

ఆమె భర్త స్నేహితుడు గోర్డీ అప్పటికే తీగలు అతికే సోల్డరింగ్ సామానంతా హాల్లో పరిచేశాడు. తన పాత స్పీకర్లు బాగుచేసుకున్నప్పటి నుంచీ ఎవరింట్లో స్పీకర్లు చూసినా అతని చేతులు ఊరుకోవడం లేదు. అమెరికా ఉత్తరపు కొసనున్న డులూత్‌లో చలికాలం ఒక పట్టాన కదలదు. రిటైరైన మగాళ్ళకి ఏదో ఒక పిచ్చి పట్టక తప్పదు.

“నా గుండెకి చేశారు చూడు, దీనికీ అదే బైపాస్ ఆపరేషన్,” అన్నాడు. “సన్న గొంతుల్ని పెంచడానికీ తగ్గించడానికీ వెనకాల నాబ్ ఉంటుందా, అది ఈపాటికి చిలుం పట్టిపోయి ఉంటుంది. దాన్ని తప్పించి తీగని నేరుగా కలిపేస్తే పాట తేటపడుతుంది. ఇంత మంచి పని చేసిపెడతానంటే వద్దంటావేంటమ్మా?”

ఎందుకు వద్దో చెప్పగలిగితే ఆమెకి ఇంత అవస్థ లేదు.

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న భర్త ఆర్విడ్ వైపు చూసింది. ఆర్విడ్‌కి వినికిడి తగ్గుతోంది. టీ కెటిల్ ఈల వేసినా కదలడు, మనవరాలు ఫోన్లో ఏం చెప్పినా నవ్వి ఊరుకుంటాడు. ఆ సంగతి అతనికి ఇంకా తెలియదు. తెలియకూడదని మార్లిస్ పట్టుదల. అతని అన్న ఐనార్‌కి ఇలాగే చెవులు పోయాయని డాక్టరు చెప్పాడు. అంతే, నలుగురిని కూర్చోబెట్టి కబుర్లు చెప్పే మనిషి ఆ రోజు నుంచి నోరు మూసుకున్నాడు. పోయేదాకా కంచం వంక చూస్తూ తిన్నాడు తప్ప ఒక్క మాట కలపలేదు. ఆర్విడ్ కూడా అలా అయిపోతాడేమోనని ఆమె భయం.

అందుకే, ఒకరోజు ఆర్విడ్ “ఏమిటో, రికార్డులన్నీ మందంగా పాడుతున్నాయి,” అన్నప్పుడు మార్లిస్ దుమ్ము తుడిచే గుడ్డ తీసుకుని స్పీకర్ల వెనక్కి వెళ్ళింది. గుడ్డ చాటున నాబ్‌లు రెండూ రవంత పైకి తిప్పింది. “ఇవాళ గొంతులు విప్పారాయి చూశావా,” అన్నాడతను, మొహం వెలిగిపోతూ. అప్పటి నుంచీ అతని మొహం వాడినప్పుడల్లా ఆమె దుమ్ము తుడుస్తోంది. నిజానికి తిప్పకముందుకీ తిప్పాకకీ ఆమెకేమీ తేడా తెలియదు. ఆమెది పాటలు పట్టే చెవి కాదు. అతని మొహం చూసే తిప్పుతుంది.

ఇప్పుడా నాబ్‌లు కొసకొచ్చాయి. గోర్డీ చూశాడంటే ఇంత పైకి ఎవరు పెట్టారంటాడు. ఆర్విడ్‌కి చెవుడా అని నలుగురిలోనూ అనేస్తాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. పైగా నాబే పోతే, రేపటి నుంచి తను ఏం తిప్పాలి?

“ఆర్విడ్, నువ్వయినా చెప్పు,” అంది గట్టిగా.

“వదిలెయ్‌రా గోర్డీ. బాగానే పాడుతున్నాయిగా. ముందు కాఫీ తాగు.”

“నీకు బాగానే ఉంటుందిలే. ఇందాక బెల్లు రెండు మూడుసార్లు కొట్టాను. గుమ్మానికి అంత దగ్గర కూర్చుని పలకవేంరా?”

మార్లిస్ అడ్డం పడి, కునుకు తీస్తున్నాడని అబద్ధమాడింది. ఆర్విడ్ ఆమె వంక ఒకసారి చూసి కప్పు అందుకున్నాడు.

గోర్డీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఇక ఆగేలా లేడని మార్లిస్‌కి అర్థమైంది. ఉండు, దుమ్ముగా ఉందంటూ గుడ్డతో అతనికంటే ముందు వెనక్కి చేరింది. రికార్డు పాడుతుండగానే నాబ్‌లు రెండూ సగానికి దించేసింది. గోర్డీ మొహం వంక చూసింది. అతనేమీ కనిపెట్టలేదు. ఇతని చెవులూ అంతంత మాత్రమే కాబోలు అనుకుంది.

గోర్డీ రికార్డు ఆపించి, మరలు విప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు లేచాడు ఆర్విడ్. “చెబుతుంటే నీక్కాదూ. అది తియ్యకు,” అన్నాడు. ఆ గొంతులోని కంగారు విని మార్లిస్ బెదిరిపోయింది. అతనికి తన చెవుల మీద అనుమానం వచ్చేసిందనుకుంది. కానీ వెనక చెక్క అప్పటికే ఊడి గోర్డీ చేతిలోకి వచ్చింది.

గోర్డీ టార్చి వేసి చూశాడు.

“ఇదేంట్రా ఆర్విడ్? నాబ్‌కి తీగలే లేవు. దాన్ని ఎవరో ఎప్పుడో తప్పించేసి నేరుగా అతికించారు. అతుకు మీద దుమ్ము గట్టకట్టి ఉంది. దీన్ని ఎటు తిప్పినా ఏమీ జరగదు, ఉత్త అలంకారం.”

“నేనే తప్పించాను,” అన్నాడు ఆర్విడ్ మెల్లగా. “ఈ ఇంటికి వచ్చిన కొత్తలో.”

మార్లిస్ చేతిలో గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. తను తుడిచిన దుమ్మంతా, ఆ తర్వాత అతను “ఇవాళ విప్పారాయి” అన్న సాయంత్రాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

“అయితే ఇవింకా ఎందుకు, పీకేస్తా,” అంటూ గోర్డీ స్క్రూడ్రైవర్ నాబ్ మీద పెట్టాడు.

ఆర్విడ్ చెయ్యి అడ్డం పెట్టాడు. అతను గోర్డీని చూడటం లేదు, మార్లిస్ చేతిలోని గుడ్డని చూస్తున్నాడు.

“ఉండనీరా. మార్లిస్ అది తిప్పితేనే నాకు బాగా వినపడేది.”