అరవై ఒకటి, అరవై రెండు

జగిత్యాలలోని తన షాపులో జితేందర్ రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టాడు. ఎడమవైపు దానిలో పాత ప్రాసెసర్, కుడివైపు దానిలో నిన్ననే వచ్చిన కొత్తది. మిగతా సరంజామా అంతా ఒకటే.

కొత్త ప్రాసెసర్ వేస్తే ఫోర్‌కే తెర మీద గేమ్ రెట్టింపు వేగంతో నడుస్తుందని వారం రోజులుగా వీడియోల్లో ఊదరగొట్టాడు. అంత పెద్ద బొమ్మకు బరువంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుందని, ముందు పరీక్ష చేసి చూద్దామని షాపులో పనిచేసే వనిత చెప్పింది. జితేందర్ వినలేదు.

చూడ్డానికి పాతికమంది వచ్చారు. రెండింటిలోనూ ఒకే కార్ల పందెం మొదలైంది. వేగం చూపే అంకెలు మాత్రం చివర్లో చూపిద్దామని దాచిపెట్టాడు. కుడివైపుది కొత్తదని ముందే చెప్పాడేమో, అందరూ కుడిదే బాగుందన్నారు.

గోడ పక్క కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు భూమయ్య. రిపేరుకిచ్చిన ల్యాప్‌టాప్ కోసం వచ్చిన కూతురు, అది తయారయ్యేలోపు బజారుకెళ్లొస్తానని ఆయన్ను అక్కడ కూర్చోబెట్టి వెళ్లింది. ఏది బాగుందని జితేందర్ సరదాగా ఆయన్నూ అడిగాడు.

భూమయ్య కాసేపు తల వంచుకుని ఉండి, "రెండు ఒక్కతీరుగనే ఉన్నయి కొడుకా" అన్నాడు.

అందరూ నవ్వారు. ఏం పని చేసేవాడివని అడిగితే, సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేశానన్నాడు.

"గిది సాంచ గాదు కాకా. జర మంచిగ చూసి చెప్పు" అంటూ జితేందర్ ఫోన్ కెమెరా ఆయన ముఖం మీదికి తిప్పాడు.

నవ్వులు పెరిగాయి. ఆయన మళ్లీ అదే మాటన్నాడు.

జితేందర్ అంకెలు తెర మీదికి తెచ్చాడు. పాతదానిలో సెకనుకు అరవై ఒక్క ఫ్రేములు. కొత్తదానిలో అరవై రెండు.

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే మెట్లు దిగి వెళ్లిపోయారు. జితేందర్ వనిత వైపు చూడలేకపోయాడు. ఫోన్ జేబులో పెట్టుకుని వచ్చి భూమయ్య కుర్చీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"తప్పైంది కాకా. నలుగుట్ల నిన్ను నవ్వులపాలు చేసిన."

"ఏం కాదులే."

"పాతిక మందికి తెల్వనిది నువ్వెట్ల చెప్పినవ్?"

"బరువు పడితె మిషన్ మోత మారుతది కొడుకా. నీ రెండు డబ్బాల పంకలు ఒక్కతీరుగనే మొత్తుకున్నయి. అవి చేసే పని గూడ ఒక్కటే అనుకున్న."

అంతలో కూతురు రాజమణి గబగబా లోపలికొచ్చి, తండ్రి చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుని, దారిలో ఉన్న కుర్చీల వైపు చూసింది.

"జర గా కుర్చీలు జరుపుండ్రి అన్నా, మా బాపుకు రెండు కండ్లు కనబడవు."